గుడ్డు పగలగొట్టని ముళ్ళపంది

బెల్‌గ్రేడ్
మార్చి, ఉపవాసాల మొదటి వారం

దరింకక్కా,

నువ్వు పంపిన వాల్‌నట్ల సంచి అందింది. బస్టాండులో స్రెతెన్ డ్రైవరు దాన్ని నా చేతికిస్తూ, "మీ అక్క ఈసారి దయ తలచిందయ్యా, నా నడుము నిలిచింది" అన్నాడు. క్రితంసారి గుమ్మడికాయలు మోయించావట. ఇంకా మర్చిపోలేదు.

ఇవాళ ఆఫీసులో ఒక పందెం గెలిచాను. "గుబురడవి"లో గుడ్ల వేట మొదలైంది. అది పిల్లలు ఇంటర్నెట్‌లో ఆడుకునే ఆట. తలా ఒక జంతువైపోయి అడవిలో తిరుగుతారు. ఏటా వసంతంలో పొదల కింద రంగు గుడ్లు దాస్తారు. పిల్లలు ఏరుకుని బుట్టలో వేసుకుంటారు, పగలగొడితే లోపల టోపీయో రిబ్బనో ఉంటుంది. మా వారపత్రిక పిల్లల పేజీకి ఇలాంటి వాటి మీద సమీక్షలు రాసేది నేనే. నలభై ఆరేళ్ళ మీసాల మనిషిని నక్కనై తిరుగుతాను. అది నా ఉద్యోగం, నవ్వకు.

పందెం ఏమిటంటే, తెర వంక చూడకుండానే గుడ్లన్నీ ఏరిస్తానని. గోడకేసి తిరిగి కూర్చుని, "గాలిమర దగ్గర ఎడమకి తిరుగు, మూడో పొద వెనక చూడు, వంతెన దాటు, విరిగిన పలక మీద కాలెయ్యకు" అంటూ పక్క బల్ల అమ్మాయికి దారి చెప్పాను. ఒక్కటి తప్పలేదు! ఎలా తప్పుతుంది? పోయినేడు దాచిన చోటే ఈ ఏడూ దాచారు. అదే వంతెన, అదే పాట, పాట మధ్యలో అదే బాతు అరుపు. గుడ్లు పగలగొట్టిస్తే, పోయినేటి ఆకుపచ్చ టోపీకి పసుపు రంగు పూసి కొత్త టోపీ అన్నారు. కుందేలూ అదే. ఎడమకాలు ఈడ్చుకుంటూ నడిచే ఆ కుందేలే.

అవును, మన చెల్లి, చిన్నది నెవెన గీసిన కుందేలే. పోయినేడు నాకది తెలీదు. తను ఆ కంపెనీలో ఉందని తెలుసు గాని, ఏం గీస్తుందో ఎప్పుడు చెప్పింది? "ఉపవాసాల ఏడు వారాలూ ఉడికించిన చిక్కుడుగింజల మీద బతికిన కుందేలు" అని రాశాను. ఊరంతా నవ్వింది. చిన్నది ఫోనెత్తడం మానేసింది. చలికాలంలో మా ఇంటిని కాపాడే పునీతుడి పండక్కి రాలేదు. స్రెతెన్ చేత కేకు పంపింది, చీటీ కూడా లేకుండా.

ఈసారి సమీక్ష రాసేశాను. నకలు దీనితో పెడుతున్నాను, చదువు. చిక్కుడుగింజల మాట ఎత్తలేదు, చూసుకో. ఈస్టర్‌కి నెవెన మీ ఇంటికి వస్తోందా?

నీ తమ్ముడు
వుకాన్


నోవి బెచెయ్
మార్చి

వుకాన్,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

నీ సమీక్ష రెండుసార్లు చదివాను. నవ్వొచ్చింది. నవ్వినందుకు తర్వాత మనసు నొచ్చుకుంది.

నెవెన వస్తానంది, కానీ ఒక షరతు పెట్టింది. ఈ ఏడూ అలాగే రాస్తే నీతో ఒక బల్ల దగ్గర కూర్చోదట. తన మాటలే రాస్తున్నాను. "అక్కా, వాడు తిడితే పడతాను. పదిమందిని పోగేసి నవ్వుతాడు చూడు, అది పడలేను." నీ దగ్గర తన తరఫున మాట్లాడనని నా చేత మాట తీసుకుంది. అందుకని మాట్లాడను.

నిన్ను అబద్ధం రాయమనను. ఉపవాసాల్లో అసలే అనను.

కానీ నువ్వు చూసింది ఒక్క మధ్యాహ్నం. అందులోనూ గోడకేసి తిరిగి.

నువ్విచ్చిన పాత టాబ్లెట్ మీద చర్చి రొట్టెల పిండిగిన్నె పెడుతున్నాను. గిన్నె దింపేస్తాను. ఆ ఆట అందులోకి ఎలా వస్తుందో రాయి. నేనూ చూస్తాను.

ఊరవేసిన క్యాబేజీ పంపుతున్నాను. బరువుంటుంది. స్రెతెన్‌కి నా తరఫున క్షమాపణ చెప్పు.

అక్క


బెల్‌గ్రేడ్
మార్చి చివర

అక్కా,

నీ ఉత్తరం చదివి బస్టాండులోనే పగలబడి నవ్వాను. స్రెతెన్ కంగారుపడి, "ఎవరైనా పోయారా?" అనడిగాడు. మనవాళ్ళు నవ్వుకీ ఏడుపుకీ ఒకటే మొహం పెడతారనుకుంటా.

సరే, ఆట ఎలా పెట్టుకోవాలో వేరే కాగితం మీద బొమ్మలు గీసి మరీ పెట్టాను. జంతువుని ఎంచుకోమంటుంది, నీ ఇష్టం. అసలు పేరు చెప్పకు. ఇల్లెక్కడో చెప్పకు. పిల్లలతో మాట్లాడొచ్చు. ఆటకి నచ్చని మాట రాస్తే అది పువ్వులుగా మారిపోతుంది, భయపడకు. నువ్వు ప్రార్థన పూర్తిచేసేలోగా తెర ఆరిపోతే వేలితో ముట్టుకో, మళ్ళీ వెలుగుతుంది.

షరతు సంగతి. అక్కా, నాకు ఆ బల్ల కావాలి. పోయిన ఈస్టర్ తర్వాత మనం ముగ్గురం ఒక్కచోట అన్నం తినలేదు. కానీ నా మాట కూడా విను. ఇళ్ళల్లో తల్లులు నెలనెలా ఆ ఆటకి డబ్బు కడతారు. వాళ్ళకి నిరుటి టోపీనే మళ్ళీ అమ్ముతున్నారు. పిల్లలకేం గుర్తుంటుందిలే అని వీళ్ళ ధీమా. పిల్లలు మర్చిపోరు, అక్కా. వంతెన మీద ఏ పలక విరిగిందో నాకన్నా వాళ్ళకే బాగా తెలుసు. మోసపోయామని పైకి చెప్పడం రాదు, అంతే. ఆ మాట నేను చెప్పకపోతే నా పేజీ ఎందుకు?

నెవెన గీసింది కాబట్టి ఊరుకుంటే, రేపు ఇంకెవరి కుందేల్ని తిట్టడానికైనా నాకు నోరెక్కడిది?

ఏ జంతువైనావో వెంటనే రాయి. పావురం అవుతావని పక్క బల్ల అమ్మాయి పందెం కాసింది. నేను ఆవు అన్నాను.

వుకాన్


నోవి బెచెయ్
వాళ్ళ (క్యాథలిక్కుల) ఈస్టర్ వారం

వుకాన్,

ఇద్దరూ ఓడిపోయారు. ముళ్ళపందిని అయ్యాను. తలకి గుడ్డ కట్టిస్తారా అని చూశాను. దొరికింది.

నువ్వు రాసింది నిజమే. విరిగిన పలక ఉంది. బాతు అరుస్తుంది. కుందేలు కుంటుతుంది. కానీ అరిగిన చెప్పు వేసుకుని నడిచినట్టు కుంటుతుంది, ఆకలితో కాదు. నాకలా అనిపించింది.

గుడ్లన్నీ ఏరాను. నాకు నాలుగు సాయంత్రాలు పట్టింది. పొద అని గాలిమర వెనకంతా వెతికాను.

పగలగొట్టలేదు. మన ఆర్థడాక్స్ ఈస్టర్ వాళ్ళ తర్వాత, మనకింకా ఉపవాసాలే కదా. పండక్కి ముందు గుడ్డు పగలగొట్టడానికి చెయ్యి రాలేదు. అది బొమ్మ గుడ్డని తెలుసు. అయినా రాలేదు.

ఒక చిరుతపులి వచ్చి పక్కన నిలబడింది.

"ఏయ్ ముళ్ళపందీ, పగలగొట్టవేం?"

"ఉపవాసం" అన్నాను.

"అదేంటి, కొత్త స్టేజా?"

"అలాంటిదే. ఏడు వారాలుంటుంది."

"అమ్మో! గెలిస్తే ఏమిస్తారు?"

"చివర్లో తెలుస్తుంది."

తన బుట్టలోకి చూసుకుంది. "నాకింకా రెండు గుడ్లున్నాయి. నేనూ ఆడతా" అంది. అప్పటినుంచీ రోజూ వచ్చి, నేను మోసం చెయ్యట్లేదు కదా అని నా బుట్టలో తొంగిచూసి పోతోంది.

ఏటా అదే ఉంటే తప్పేమిటి అనుకున్నాను మొదట. చర్చిలో ఏటా అదే కీర్తన పాడతాను, కొత్తది పాడమని ఎవరూ అడగరు. తర్వాత అనిపించింది, ఆ కీర్తన నేనెవరికీ కొత్తదని చెప్పి అమ్మను. టోపీ విషయంలో నీదే న్యాయం.

నీ సమీక్ష ఇంకా పంపకు. మన పండుగ దాకా ఆగు.

అక్క


బెల్‌గ్రేడ్
ఏప్రిల్

అమ్మా ముళ్ళపందీ,

నీ ఉత్తరం ఆఫీసులో పైకి చదివాను. అందరూ నీ వైపే. సంపాదకురాలైతే నిన్ను జీతమిచ్చి పెట్టుకుంటానంది.

కానీ ఆలస్యమైపోయింది. సమీక్ష మొన్నే ఇచ్చేశాను. ఈస్టర్ సంచికలో వస్తుంది. ఆగడానికి ఏముందక్కా? వాళ్ళ ఈస్టర్ సోమవారమే ప్రకటన వచ్చేసింది, "గుడ్ల వేట ముగిసింది, మళ్ళీ వసంతంలో కలుద్దాం" అని. నక్కనై వెళ్ళి చూశాను. గుడ్లు దాచిన మైదానం చుట్టూ కంచె కట్టేశారు. సమీక్ష చివర ఒక వాక్యం కూడా చేర్చాను. "అన్నీ పాతవే, ఆఖరికి తారీకు కూడా మనది కాదు, మన పిల్లల పండుగ వచ్చేసరికి ఆ మైదానంలో ఈగ కూడా ఉండదు." బాగుంది కదూ?

నీ బుట్టలో గుడ్లు ఈపాటికి కుళ్ళిపోయుంటాయి. చిరుతపులికి ఏం చెప్తావో చెప్పుకో.

నిన్న నెవెన పుట్టినరోజు. ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. కాస్సేపాగి మళ్ళీ చేశాను. ఈసారి మోగకముందే కట్ చేసింది. అంటే ఫోను చేతిలోనే ఉందన్నమాట. అంత దగ్గరగా ఉండి ఎత్తలేదు.

రాసింది రాశాను, వెనక్కి తీసుకోను. నాకు నిద్ర మాత్రం సరిగ్గా పట్టట్లేదు. ప్రార్థనలో నా పేరు ఒకటికి రెండుసార్లు తలుచుకో.

వుకాన్


నోవి బెచెయ్
ఏప్రిల్, మట్టల ఆదివారానికి ముందు

వుకాన్,

నీ పేరు రోజూ తలుచుకుంటాను. ఇప్పుడు మూడుసార్లు.

గుడ్లు కుళ్ళలేదు.

కంచె నాకు అడ్డం రాలేదు. నేను వెళ్తే తలుపు తెరుచుకుంది. లోపల మైదానం అలాగే ఉంది. బాతు అరవట్లేదు, పాట ఆపేశారు. కుందేలు గాలిమర కింద కూర్చుంది, ఒళ్ళో బుట్ట పెట్టుకుని, దాని మీద తెల్లగుడ్డ కప్పుకుని. మన ఊళ్ళో ఆడవాళ్ళు చర్చికి బుట్ట తెచ్చేటప్పుడు కప్పినట్టే. అంచుకి ఎర్రదారం కుట్టు కూడా ఉంది.

నేనొక్కదాన్నే కాదు. చిరుతపులి ఉంది. ఇంకా చాలామంది పిల్లలున్నారు. కొందరి మాట నాకర్థం కాదు. గ్రీకు పిల్లలట, రుమేనియా పిల్లలట, జార్జియా పిల్లలట. చేతులూపుతారు, నేనూ ఊపుతాను. అందరి బుట్టల్లోనూ పగలని గుడ్లున్నాయి. పగలగొట్టుకున్నవాళ్ళకి వేట అయిపోయింది. దాచుకున్నవాళ్ళకి మన ఈస్టర్ దాకా తలుపు తీసే ఉంటుంది. ఆ రోజున గుడ్డుతో గుడ్డు ఢీకొట్టుకోవచ్చట, మనం ఇంట్లో చేసినట్టే.

పోయిన శరదృతువులో నెవెన ఫోన్ చేసి, "అక్కా, వచ్చే ఏడు మన ఈస్టర్ ఎప్పుడు?" అనడిగింది. సెలవు పెట్టుకోవడానికేమో అనుకుని చెప్పాను. నిన్న ఈ మైదానం సంగతి అడిగితే, ఒక్కసారిగా అంతా చెప్పేసింది.

తనతో పనిచేసేవాళ్ళని పంపేశారు. వేట మొత్తం ఇప్పుడు తనొక్కతే చూసుకోవాలి. కొత్త కుందేల్ని గీసి చూపిస్తే, పాతది చాలు, టోపీ రంగు మార్చమన్నారు. ఒక్కటి మాత్రం అడిగి సాధించుకుంది, ఈ తలుపు. దానికి ఖర్చు లేదు కాబట్టి ఒప్పుకున్నారు. ప్రకటనలో మాత్రం వెయ్యలేదు.

"వాడికి చెప్పనా?" అన్నాను. "చెప్పు, ఇక దాచేదేముంది? కానీ జాలిపడి రాయద్దను. చూసి రాయమను" అంది.

మాట తప్పి తన తరఫున మాట్లాడట్లేదు, వుకాన్. చూసింది చెప్తున్నాను. నీ ఆఖరి వాక్యం తప్పు. ఆ మైదానంలో ఈగ కాదు, పిల్లలున్నారు.

నువ్వు ఉపవాసాల మొదటి వారంలోనే డజను గుడ్లూ పగలగొట్టేశావు. పక్క బల్ల అమ్మాయి చేత.

అక్క


బెల్‌గ్రేడ్
పండుగ ముందు వారం, సోమవారం

అక్కా,

నిన్న సాయంత్రం జరిగింది నీకు తెలుసు. నువ్వూ అక్కడే ఉన్నావు. అయినా రాస్తాను, రాయకపోతే నాకు అరగదు.

కంచె దగ్గరికి వెళ్తే, క్రితంసారి నేను గమనించని బోర్డు కనిపించింది. "బుట్టలో పగలని గుడ్డు ఉన్నవాళ్ళకే దారి." నా బుట్టలో పసుపు టోపీ తప్ప ఏముంది? ఇరవై ఏళ్ళుగా ఆటల మీద రాస్తున్నవాణ్ణి, కంచె బయట తోక ముడుచుకుని నిలబడ్డాను. అప్పుడొచ్చావు నువ్వు, తలగుడ్డతో, తాపీగా. కంచె సందులోంచి గుడ్డు అందించబోతే నీ చిరుతపులి గావుకేక పెట్టింది.

"నక్కకి గుడ్డిస్తున్నావేంటి! మింగేస్తుంది!"

"నేను మంచి నక్కని" అన్నాను.

"అన్ని నక్కలూ అదే అంటాయి. నీ గుడ్లేమయ్యాయి?"

"పగలగొట్టుకున్నాను."

"ఎప్పుడు?"

"మొదటి రోజే."

"ఛీ!" అంది. సంపాదకురాలి దగ్గర కూడా అంత చులకన ఎప్పుడూ కాలేదు నేను. నువ్వేమన్నావో గుర్తుందా? "పోనీలే నాన్నా, ఆకలేసుంటుంది" అన్నావు. ఆ "నాన్నా" అన్నది చిరుతనా, నన్నా?

లోపలికొచ్చాక చుట్టూ చూశాను. అంతమంది పిల్లలు బుట్టలు పట్టుకుని ఊరికే కూర్చున్నారు. ఆటలో చెయ్యడానికి ఏమీ లేదు, అయినా ఎవరూ వెళ్ళిపోవట్లేదు. నేనింతవరకూ అలాంటిది ఏ ఆటలోనూ చూడలేదు. కుందేలు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. దాని వెనక చిన్నది ఉందో, యంత్రమే కూర్చోబెట్టిందో తెలీదు. "తలుపు బాగుంది" అన్నాను. చెవి కూడా కదల్లేదు.

ఇవాళ పొద్దున్నే వెళ్ళి సమీక్ష వెనక్కి అడిగాను. నా ఉద్యోగంలో మొదటిసారి. సంపాదకురాలు కళ్ళజోడు తీసి చూసింది.

"ఏమైంది వుకాన్, లంచం ముట్టిందా?"

"ముట్టింది. ఒక గుడ్డు."

గంటలో తిరిగి ఇస్తే సరే, లేకపోతే పాతదే వేస్తానంది. గంటలో ఇచ్చాను. ఎలా రాశానో చేతులకే తెలుసు. మొదటి రోజే అన్నీ పగలగొట్టుకుని తీర్పు చెప్పబోయానని, ఆ తీర్పు తప్పని రాశాను. టోపీ కొనద్దని తల్లిదండ్రులకి రాశాను. తలుపు గురించి రాశాను. ఆ తలుపుని ప్రకటనలో వెయ్యనివాళ్ళకి సిగ్గుండాలని రాశాను.

కుందేలు కుంటుతోందని కూడా మళ్ళీ రాశాను, అక్కా. అది తీసెయ్యలేకపోయాను. ఎందుకంటే కుంటుతోంది. కొత్తది గియ్యనివ్వలేదన్నది చిన్నది నాకు చెప్పిన మాట కాదు, నీకు చెప్పింది. అందుకని దాని జోలికి పోలేదు. ఈసారి ఎవరినీ నవ్వించలేదు.

గురువారం పత్రిక స్రెతెన్ చేత పంపిస్తాను. ఇది చాలకపోతే, చిన్నది బల్ల దగ్గర కూర్చోనంటే, తనని కూర్చోబెట్టు. నేను వంటింట్లో తింటాను. అయినా వస్తాను.

వుకాన్


నోవి బెచెయ్
పండుగ ముందు శనివారం, పొద్దున

వుకాన్,

ఈ ఉత్తరం పొద్దుటి బస్సులో పంపుతున్నాను. అందగానే చదువు.

నెవెన శుక్రవారం మధ్యాహ్నమే వచ్చింది. రేపు పిల్లలు గుడ్లు ఢీకొట్టుకునేటప్పుడు కుందేలు దగ్గర తనుండాలట, కంప్యూటర్ తెచ్చుకుంది. నేనప్పుడు గుడ్లకి రంగు వేస్తున్నాను. నీ పత్రిక బల్ల మీద పెట్టాను, చదవమని చెప్పలేదు.

చాలాసేపు దాని వంక చూడలేదు. గుడ్లు తుడిచింది. వెల్లుల్లి ఒలిచింది. తర్వాత నిలబడే చదివింది. తలుపు సంగతి వచ్చినచోట కూర్చుంది. నేను వెనక్కి తిరగలేదు. ముక్కు ఎగబీల్చడం వినిపించింది.

మళ్ళీ మొదటినుంచి చదివింది. ఈసారి పెన్సిల్ అడిగింది.

"అక్కా."

"ఊఁ."

"ఈ రెండో పేరా పోయినేడాదిది."

"అలాగా."

"అలాగా ఏంటక్కా! గాలిమర, పొద, వంతెన, మొత్తం అదే! అక్షరం మార్చలేదు. కుందేలు పాతదని చెప్పడానికి పాత పేరానే దించేశాడు!"

"గంటలో రాశాడు, పాపం."

"నాకు వేట మొత్తానికి రెండు వారాలే ఇచ్చారు, నేనేమన్నా మినహాయింపు అడిగానా?"

అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ ఎర్రరంగు గిన్నెలో చెయ్యి పెట్టి, ఆ చేత్తోనే గోడ పట్టుకుంది. ఇప్పుడు నా వంటింటి గోడ మీద ఎర్ర అరచేతి ముద్ర ఉంది. పండుగ ముందు సున్నం వేసిన గోడ.

"వాడికి చెప్పనా?" అన్నాను.

"పొద్దున్నే రాసెయ్. దారంతా ఆ పేరా తలుచుకుంటూ రమ్మను. మిగతా తప్పులు వాడి ఎదురుగా కూర్చుని నేనే చదువుతాను" అంది.

మిగతావి చాలా ఉన్నాయి. చూశాను. పెన్సిల్ ఇంకోసారి చెక్కింది.

వంటింట్లో నీకు చోటు లేదు. మొదటి బస్సుకి రా.

అక్క